గ్రామసభ వీడియో – చేతిఫోనుకు తగిన పరిమాణము

పూర్వము ప్రచారశాఖవారి మోటారుబండి గ్రామములోనికి వచ్చినదనగా పిల్లలకు అది పండుగ దినము. చావడి గోడకో, రెండు గుంజల నడుమనో తెల్లని గుడ్డ కట్టి, చీకటి పడగానే చిత్రములు చూపించెడివారు. 1948 లో నెలకొల్పబడిన ఫిలిమ్సు డివిజను నిర్మించిన వార్తాచిత్రములను, సేద్యము, ఆరోగ్యము మొదలగు విషయములను గూర్చిన చిత్రములను ఎందరో గ్రామీణులు ఆ గుడ్డమీదనే చూచిరి. సినిమాశాలల కొరకు ఆ చిత్రములు 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై నుండెడివి. ఆ చుట్టలు బరువు; వానిని ఆడించు యంత్రములు మరింత బరువు. అందుచేత అదే చిత్రమును 16 మిల్లీమీటర్ల సన్నని ఫిల్ముపైకి తగ్గించి, ఆ ప్రతిని గ్రామములకు పంపెడివారు. సన్నని ప్రతిలో బొమ్మ పదును కొంత తగ్గెడిది. కాని ఆ తగ్గింపే లేకున్నచో చిత్రము పట్టణపు పొలిమేర దాటి యుండెడిది కాదు. అసలు ప్రతి మాత్రము భాండారములో భద్రముగా నుండెడిది.

నేడు మోటారుబండి రానక్కరలేదు. ఫోను ప్రతి యింటను కలదు. గ్రామసభ జరుగుచుండగా ఎవరో ఒకరు దానిని వీడియోగా తీయుచునే యున్నారు. కాని ఆనాటి సమస్య ఈనాడును ఉన్నది. తీసిన వీడియో చాల పెద్దది. అది పంపుటకు వీలుపడదు. పంపుటకై చిన్నది చేసినచో బొమ్మ చెడిపోవును. ఎంత చిన్నది చేయవలెను, ఎంతవరకు చేయరాదు అను విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా వలన జరిగిన పొరపాటు

ఇందుకు కారణమైన సంగతిని ముందుగా చెప్పెదము. కొంతకాలము క్రిందట ఒక గ్రామసభకు మేము వెళ్లియుంటిమి. పంచాయతీ ఆదాయవ్యయముల పట్టికను పెద్ద కాగితముపై వ్రాసి గోడకు అంటించిరి. ఒక యువకుడు సభనంతయు ఫోనుతో చిత్రించెను. “ముక్కలుగా చేసి వెంటనే గ్రామము గ్రూపులో పెట్టుము, ఫోను నిండినచో అసలు దానిని తీసివేయుము” అని అతనికి సలహా యిచ్చినది మేమే. అతడట్లే చేసెను.

నెల దాటిన పిమ్మట వీధిదీపముల ఖర్చును గూర్చి ఇద్దరు సభ్యులకు మాట పట్టింపు వచ్చినది. వీడియో చూచినచో తేలిపోవునని అందరును అనుకొనిరి. చూడగా, పట్టికమీది అంకెలు మసకలో కలిసిన నల్లని మచ్చలవలె నున్నవి. అది 3 యో 8 యో చెప్పుట ఎవరికిని సాధ్యము కాలేదు. అసలు వీడియో కొరకు వెదకితిమి. అది లేదు. కార్యదర్శి మినిట్సు పుస్తకమును తెరచి చూపగా వివాదము సమసినది గాని, సలహా యిచ్చినవారము మేమే గనుక ఆ బాధ మాకు మిగిలినది. వీడియోను చిన్నది చేయుట తప్పు కాదు. ఏది కనబడవలెనో ఆలోచింపక చిన్నది చేయుటయు, అసలును పోగొట్టుటయు తప్పు.

వీడియో ఇంత బరువేల?

వీడియో యనగా వరుసగా కదలు నిశ్చలచిత్రముల సముదాయము. ఒక్కొక్క చిత్రము సన్నని చుక్కలతో కూర్పబడియుండును. ఈ చుక్కలనే పిక్సెళ్లు అందురు. సామాన్యముగా ఫోనులు తీయు వీడియోలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా ఒక్క చిత్రములో 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును వ్రాయుటకు 3 బైట్లు వలయును. కావున ఒక చిత్రమునకు సుమారు 62 లక్షల బైట్లు. సెకనుకు 30 చిత్రముల చొప్పున లెక్కించినచో సెకనుకు సుమారు 187 మెగాబైట్లు, నిమిషమునకు 11 గిగాబైట్లకు పైగా అగును.

ఏ ఫోనును ఇంత బరువును మోయజాలదు. అందుచేత ఫోను వీడియో తీయునప్పుడే దానిని కుదించును. పెక్కు ఫోనులలో నిమిషమునకు సుమారు 130 మెగాబైట్లు మాత్రమే అగుచున్నది. అనగా అసలులో 86వ వంతు. ఐనను రెండు గంటల గ్రామసభకు 15,600 మెగాబైట్లు, అనగా పదునైదు గిగాబైట్లకు మించును. సెకనుకు 2 మెగాబిట్ల వేగము గల నెట్‌వర్కుపై దీనిని దింపుకొనుటకు 17 గంటలు పట్టును. సభ రెండు గంటలు. చూచుటకై నిరీక్షణ ఒక పగలు, సగము రాత్రి. ఇట్టిది ఎవరు చూతురు?

కుదించుట ఎట్లు జరుగును?

గ్రామసభ వేపచెట్టు క్రింద జరుగుచున్నదనుకొందము. వెనుక చెట్టు, పంచాయతీ కార్యాలయపు గోడ, బల్ల కదలవు. సర్పంచి చేయి, పెదవులు మాత్రమే కదలును. ప్రతి చిత్రములోను చెట్టును, గోడను మరల మరల వ్రాయనేల? కావున ఒక చిత్రమును పూర్తిగా వ్రాసి, తరువాతి చిత్రములలో మారిన భాగమును మాత్రమే వ్రాయుదురు. కొంతసేపటికొకసారి మరల పూర్తి చిత్రమును వ్రాయుదురు. ఇది మొదటి ఉపాయము.

రెండవది ఒక్కొక్క చిత్రమును లోలోపల కుదించుట. మానవుని కన్ను వెలుగునీడలలోని పెద్ద మార్పులను చక్కగా గుర్తించును. మిక్కిలి సన్నని మార్పులను అంతగా గమనింపదు. చిత్రమును చిన్న చిన్న చదరములుగా విభజించి, ఒక్కొక్క చదరములో ముఖ్యమైన మార్పులు ఏవో, విడువదగిన సూక్ష్మమైన మార్పులు ఏవో గణితముచే వేరుచేయుదురు. ఇందుకు ఆధారమైన గణితవిధానము డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనునది. దీనిని 1974 లో ప్రకటించినవారు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు గారలు. నసీర్ అహ్మద్ బెంగుళూరున జన్మించినవారు. కె. ఆర్. రావుగారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివినవారు. నేడు ప్రపంచమున ఫోనులలో కదలు వీడియోలలో అత్యధికభాగము ఈ విధానముపైననే, లేక దీనినుండి పుట్టిన విధానములపైననే ఆధారపడియున్నది.

ఇచ్చట ఒక సంగతిని మరువరాదు. కుదించునపుడు విడిచిన సూక్ష్మభాగములు మరల రావు. వెన్న తీసిన మజ్జిగను ఎంత చిలికినను మరల వెన్న రాదు గదా! చిన్నదానిని మరల పెద్ద కొలతకు మార్చినచో ఫైలు బరువు పెరుగును గాని పోయిన అంకె తిరిగి కనబడదు. కుదించినదానిని మరల మరల కుదించినచో ప్రతిసారియు మరికొంత చెడును. కావున ఎప్పుడు చిన్న ప్రతి కావలసినను అసలునుండియే తీయవలెను.

బరువును లెక్కించు విధము

వీడియో బరువు ప్రధానముగా ఒక్క అంకెపై ఆధారపడియుండును. సెకనుకు ఎన్ని బిట్లు వాడుచున్నాము అనునదే ఆ అంకె. దీనిని బిట్‌రేటు అందురు. సెకనుకు ఎన్ని కిలోబిట్లో తెలిసినచో, దానిని 8 చే భాగించి సెకనులచే గుణించినచో బరువు కిలోబైట్లలో తెలియును. ఈ లెక్క వచ్చిన సభ్యుడు ఎవరిని అడుగనక్కరలేదు.

ఉదాహరణకు, చిత్రమునకు 500 కిలోబిట్లు, ధ్వనికి 64 కిలోబిట్లు కేటాయించినామనుకొందము. మొత్తము 564. దానిని 8 చే భాగించగా సెకనుకు 70.5 కిలోబైట్లు, నిమిషమునకు 4.23 మెగాబైట్లు, రెండు గంటలకు సుమారు 508 మెగాబైట్లు. చిత్రమునకు 1000 కిలోబిట్లు ఇచ్చినచో నిమిషమునకు సుమారు 8 మెగాబైట్లు, రెండు గంటలకు సుమారు 958 మెగాబైట్లు. ధ్వని మాత్రమే 64 కిలోబిట్లలో ఉంచినచో రెండు గంటల సభ 58 మెగాబైట్లలో ఇమిడిపోవును. చిత్రముతో పోల్చినచో ధ్వనికి అగు ఖర్చు ఎంత స్వల్పమో గమనింపుడు. గ్రామసభలో ప్రధానమైనది మాట. కావున పొదుపు చేయవలసివచ్చినపుడు చిత్రమునందు చేయవలెను గాని ధ్వనియందు చేయరాదు.

ఇక బిట్‌రేటు తగ్గించునపుడు చుక్కల సంఖ్యనుకూడ తగ్గించుట మేలు. 1280 అడ్డము, 720 నిలువు గల చిత్రములో 9,21,600 చుక్కలుండును. అది మొదటిదానిలో సగముకంటె తక్కువ. 854 అడ్డము, 480 నిలువు గల చిత్రములో సుమారు నాలుగు లక్షల చుక్కలు. అది అయిదవ వంతు. ఉన్న కొద్దిపాటి బిట్లను 20 లక్షల చుక్కలకు పంచినచో బొమ్మ అంతయు చదరములు చదరములుగా విరిగిపోవును. అవే బిట్లను 4 లక్షల చుక్కలకు పంచినచో చిన్నదైనను శుభ్రమైన బొమ్మ వచ్చును. కొద్ది ఎరువును పదియెకరములకు చల్లుటకంటె రెండెకరములకు చక్కగా వేయుట మేలనునది సేద్యము చేయువారికి క్రొత్త మాట కాదు. మాటలాడువారి ముఖమును చేతిఫోనులో చూచుటకు 480 చాలును. పట్టిక, పటము చదువవలసియున్నచో 720 కి తగ్గరాదు.

పెట్టె వేరు, సరుకు వేరు

ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అను పేర్లు ఫైలు చివర కనబడును. ఇవి పెట్టెల పేర్లు. లోపలి చిత్రము ఏ విధానమున కుదింపబడినది అనునది వేరు సంగతి. హెచ్.264 అను విధానము 2003 లో ఏర్పడినది. హెచ్.265 అనునది 2013 లో వచ్చినది. అదే నాణ్యతకు సుమారు సగము బరువుతో సరిపెట్టును. ఏవీ1 అనునది 2018 లో వచ్చినది. క్రొత్తది మేలైనదే. కాని పాత ఫోనులు, పాత టెలివిజనులు దానిని ఆడించలేకపోవచ్చును. పంచాయతీ వీడియో కొందరి కొరకు కాదు, అందరి కొరకు. కావున ఎంపీ4 పెట్టె, హెచ్.264 చిత్రము, ఏఏసీ ధ్వని అను మేళనమును వాడుట క్షేమము. ఇది ఆడని ఫోను నేడు అరుదు.

మార్చు విధానము

ఈ పనికి హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత కంప్యూటరు సాధనము కలదు. ఇది విండోస్, మాక్, లినక్స్ అను మూడింటిపైనను పనిచేయును. దీనిని దాని స్వంత వెబ్‌సైటునుండియే తీసికొనవలెను. వీడియోను తమ సైటులో వేసినచో ఉచితముగా మార్చి యిచ్చెదమని చెప్పు చోట్లకు పోరాదు. సభలో లబ్ధిదారుల పేర్లు, ఇంటి సంగతులు చదువబడుచుండును. వానిని అపరిచితుల చేతికి ఇచ్చుట తగదు.

చేయవలసిన క్రమము ఇది:

1. ఫోనునుండి అసలు వీడియోను తీగ ద్వారా కంప్యూటరునకు ఎక్కింపుడు. సందేశముల యాప్‌ద్వారా వీడియోగా పంపినచో అది దారిలోనే కుదింపబడును. తప్పనిసరియైనచో డాక్యుమెంటుగా పంపుడు; వాట్సాప్‌లో 2022 నుండి ఈ విధముగా 2 గిగాబైట్ల వరకు ఉన్నది ఉన్నట్లు పంపవచ్చును.

2. హ్యాండ్‌బ్రేక్‌లో ఆ ఫైలును తెరచి, సిద్ధముగానున్న అమరికలలో 720 నో 480 నో ఎన్నుకొనుడు. సెకనుకు చిత్రముల సంఖ్యను అసలులో ఉన్నట్లే 30 గా ఉంచుడు. 60 ఉన్నచో 30 కి తగ్గింపవచ్చును.

3. నాణ్యతకు రెండు మార్గములు కలవు. ఒకటి సమనాణ్యత. ఇందు ప్రతి దృశ్యమునకు దాని అవసరమును బట్టి బిట్లు లభించును. చేనుకు కావలసినంత నీరు పెట్టినట్లు. తుది బరువు ముందుగా తెలియదు. రెండవది బిట్‌రేటును నిర్ణయించుట. ఇందు బరువు ముందే తెలియును, నాణ్యత మారుచుండును. కాలువ నీటిని వంతులవారీగా ఇచ్చినట్లు. బరువునకు హద్దు లేనపుడు మొదటిదే మేలు. ఇందలి ఆర్.ఎఫ్. అను అంకె చిన్నదైనకొలది నాణ్యతయు, బరువును పెరుగును. 720 వీడియోకు 19 నుండి 23 వరకు తగియుండును. ఇంత బరువులోనే ఇమడవలెనన్నచో రెండవ మార్గమును పట్టి, వీడియోను రెండుసార్లు పరిశీలించి పంచునట్లు అమర్చుడు.

4. మొత్తము మార్చుటకు ముందు ఒక్క నిమిషము భాగమును మాత్రమే మార్చి చూడుడు. ఆ నిమిషము పట్టిక కనబడు నిమిషము కావలెను. దానిని సర్పంచిగారి మంచి ఫోనులో కాక, గ్రామములో మిక్కిలి చవుకయైన ఫోనులో, ఎండలో నిలిచి చూడుడు. అంకెలు చదువగలిగినచో, మాట వినబడినచో చాలును. కానిచో ఒక మెట్టు పైకి పోవుడు.

పాత క్యాసెట్లపైనున్న వీడియోలు కొన్ని పంచాయతీలలో ఉండవచ్చును. వానిని కంప్యూటరులో చూచినపుడు కదలు మనుష్యుల అంచులలో దువ్వెన పండ్లవంటి గీతలు కనబడును. పాత టెలివిజను పద్ధతిలో ఒక చిత్రమును రెండు సగములుగా, ఒక వరుస విడిచి ఒక వరుసగా తీయుటయే ఇందుకు కారణము. మార్చునపుడు డీఇంటర్‌లేస్ అను అమరికను వాడినచో ఆ గీతలు పోవును.

తీయునాడే తీసికొనవలసిన జాగ్రత్త

మంచి ధాన్యమునకు మంచి విత్తనము ఎట్లో, మంచి చిన్న ప్రతికి మంచి అసలు అట్లు. మారిన భాగమే వ్రాయబడునని పైన చెప్పితిమి. ఫోను చేతిలో వణకుచుండినచో చెట్టు, గోడ, బల్ల అన్నియు కదలినట్లే అగును. బిట్లన్నియు గోడకే ఖర్చుపడి మనిషి ముఖము మసకబారును. కావున ఫోనును ముక్కాలిపీటపైనో, బల్లపై ఇటుకల నడుమనో కదలకుండ అడ్డముగా నిలుపవలెను. చీకటిలో తీసిన వీడియోలో చీమలవలె కదలు చుక్కలు పుట్టును. సాధనము వానినికూడ కదలికగా నెంచి బిట్లు ఖర్చుపెట్టును. కావున వెలుతురు మాటలాడువారి ముఖముపై పడునట్లు చూడవలెను. ఫోను వక్తకు దగ్గరగా నుండవలెను. మైకు పెట్టె యెదుటనే పెట్టినచో మాట పగిలిపోవును. పట్టికను వీడియోతోబాటు విడిగా ఒక ఫొటోకూడ తీయవలెను. ఒక మంచి ఫొటో కొద్ది మెగాబైట్లకు మించదు. మా సభనాడు ఎవరైన ఒక్క ఫొటో తీసియున్నచో ఆ వివాదమే పుట్టియుండెడిది కాదు.

అసలు ప్రతిని దాచుట

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనున్న 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమునందే స్థానము కల్పించినది. అట్టి సభకు సంబంధించిన చిత్రమును పెండ్లి వీడియోకంటె తేలికగా చూడరాదు. మినిట్సు పుస్తకమునకు వీడియో బదులు కాజాలదు. కాని పుస్తకమునకు అది తోడు.

న్యాయస్థానము వరకు పోవలసివచ్చినచో అసలు విలువ మరింత తెలియును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ రికార్డుతో ధ్రువపత్రము నిచ్చునపుడు ఆ ఫైలు యొక్క హాష్ విలువను తెలుపవలసియున్నది. హాష్ అనగా ఫైలునకు వేలిముద్రవంటిది. వీడియోను ఏ కొంచెము మార్చినను ఆ ముద్ర మారిపోవును. కుదించిన ప్రతి ముద్ర వేరు, అసలు ముద్ర వేరు.

కావున అసలును కార్యాలయ కంప్యూటరులో ఒకచోట, బయటి హార్డుడిస్కులో మరియొకచోట ఉంచి, సభ తేదీని ఫైలు పేరులో వ్రాయవలెను. పెన్‌డ్రైవులో ఉంచదలచినచో ఒక చిక్కు కలదు. ఫ్యాట్32 అను పద్ధతిలో అమర్చిన పెన్‌డ్రైవు 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును గ్రహింపదు. చోటు ఖాళీగా నున్నను తిరస్కరించును. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో అమర్చినచో ఈ హద్దు లేదు. ఐతే ఆ అమరిక మార్చునపుడు పెన్‌డ్రైవులోనిదంతయు చెరిగిపోవును గనుక ముందుగా ఖాళీ చేసికొనవలెను.

ఎవరికి ఏది?

ఒక సభకు ఒకే ఒక ప్రతి చాలదు. అసలు ప్రతి దాచుటకు. 720 ప్రతి కార్యాలయములోని టెలివిజనుపై చూపుటకును, పూర్తిగా చూడగోరువారికిని. 480 లో అంశముల వారీగా కత్తిరించిన అయిదేసి నిమిషముల ముక్కలు గ్రామము గ్రూపునకు. ఒక్కొక్క ముక్క సుమారు 21 మెగాబైట్లుండును. సెకనుకు 2 మెగాబిట్ల నెట్‌వర్కుపై ఒకటిన్నర నిమిషములో దిగును. ఈ ముక్కలనుకూడ డాక్యుమెంటుగానే పంపుడు. లేనిచో మీరు శ్రమపడి నిలుపుకొన్న నాణ్యతను యాప్ మరల కుదించును. సభనంతయు వినగోరువారికి 58 మెగాబైట్ల ధ్వని ప్రతి. పొలములో పనిచేయుచు వినువారికి ఇదే మిక్కిలి అనుకూలము.

సభకు రాలేని వృద్ధులు మన గ్రామములలో కలరు. పొట్టకూటికై హైదరాబాదునకు, గల్ఫుదేశములకు పోయినవారు కలరు. తమ వీధి రోడ్డును గూర్చి సభలో ఎవరేమనిరో తెలిసికొనవలెనని వారికిని ఉండును. వారికి చేరునంత చిన్నదిగా వీడియోను చేయుడు. వారు అంకెను చదువగలిగినంత స్పష్టముగా ఉంచుడు. అసలును మాత్రము తీసివేయకుడు. రాబోవు గ్రామసభకు ముందే ఒక్క నిమిషపు వీడియోతో ఈ పనిని చేసి చూడవలసినదని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.